పాత ఫొటోల్లోని గిరిజనులు: అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో ఫొటోగ్రాఫర్‌ని. తెల్లదొరల కాలం నాటి గిరిజనుల ఫొటోల మీద పనిచేస్తుంటాను. ఎక్కువగా వినబడే మాటలు కొన్ని ఇవి.

అపోహ: ఫొటో అబద్ధం చెప్పదు, అప్పట్లో వాళ్లు అలాగే ఉండేవారు.

వాస్తవం: ఆ ఫొటోల్లో చాలా మనుషుల ఒంటి కొలతల కోసం తీసినవి. 1869లో జాన్ లాంప్రే అనే ఆయన చెక్క ఫ్రేముకు రెండేసి అంగుళాల గళ్లు పడేలా పట్టుదారాలు కట్టి, దాని ముందు మనిషిని బట్టల్లేకుండా నిలబెట్టి తీసే పద్ధతి చెప్పాడు. అండమాన్‌లో 1890ల్లో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి చేసిందీ ఇంచుమించు అదే. మనవైపు సంగతికొస్తే, మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో మా జిల్లా కొండల్లో ఉండే సవర తెగవాళ్లూ ఉన్నారు. ఈయన జనం ముక్కుల పొడవూ వెడల్పూ కొలిచి లెక్కలు కట్టినవాడు. ఇలాంటి ఫొటోల కింద తెగ పేరుంటుంది, మనిషి పేరు సాధారణంగా ఉండదు.

అపోహ: నవ్వకపోవడం వాళ్ల స్వభావం.

వాస్తవం: మొదట్లో ఫొటో సరిగ్గా పడాలంటే కొన్ని సెకన్లు కదలకుండా ఉండాల్సి వచ్చేది. ఆనాటి ఫొటోల్లో దొరలు మాత్రం నవ్వారా!

అపోహ: ఇప్పుడు గిరిజనుల్ని తీసేటప్పుడు సెల్‌ఫోను, ప్లాస్టిక్ బకెట్టు పక్కకి తీసేస్తే నేచురల్‌గా వస్తుంది.

వాస్తవం: నాకు ఒళ్లు మండేది దీనికే. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ అనే ఫొటోగ్రాఫర్ 1910 నాటి ఫొటోలో, పీగన్ అనే అక్కడి ఆదివాసీ తెగవాళ్లిద్దరి మధ్య ఉన్న గడియారాన్ని ప్రింటులో చెరిపేశాడు. అదే పని ఇవాళ మన టూరిజం పోస్టర్లలోనూ జరుగుతోంది. మందస కొండల్లో ఒక సవర అమ్మ నైటీ మీద తువ్వాలు వేసుకుని కూర్చుంది. చీర మార్చుకోమని నాతో వచ్చిన కుర్రాడు అడిగితే, "ఇలాగే తియ్యి బాబూ, ఫోను కూడా పడాల. మా అబ్బాయి కొన్నాడు" అంది. అలాగే తీశాను.

అపోహ: అవమానకరమైన పాత ఫొటోలు తగలబెట్టేస్తే సరి.

వాస్తవం: తగలబెడితే ఎవరు ఎవర్ని ఎలా చూశారో చెప్పే సాక్ష్యం పోతుంది. బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్., ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000–2004 మధ్య అలాంటి గళ్ల తెర ముందు తానే నిలబడి ఫొటోలు తీయించుకుంది. అవి చూస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది.

అపోహ: తలూపితే అనుమతి ఇచ్చినట్టే.

వాస్తవం: ఫొటో ఎక్కడ పెడతామో చెప్పాలి, కింద ఏం రాయాలో అడగాలి, ప్రింటు తెచ్చివ్వాలి. ఇస్తామని మళ్లీ మొహం చూపించనివాళ్లు ప్రతి ఊరికీ గుర్తే.