సైలేజీకి 'తోడు': అపోహలు – వాస్తవాలు

మొక్కజొన్న, జొన్న, సూపర్ నేపియర్... ఏ పచ్చిమేతనైనా చిన్న ముక్కలుగా నరికి, గాలి లేకుండా తొక్కి మూసిపెడితే పులిసి పాతర గడ్డి, అంటే సైలేజీ అవుతుంది. పాలకు తోడు వేసినట్టు దీనికీ కల్చర్, అంటే ప్యాకెట్లలో అమ్మే మేలుచేసే బ్యాక్టీరియా, చల్లడం ఈమధ్య బాగా అలవాటైంది. దాంతోపాటే కొన్ని నమ్మకాలూ పాతుకుపోయాయి.

అపోహ: కల్చర్ చల్లకపోతే సైలేజీ కుదరదు.

కుదురుతుంది. లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా చేలో ఆకుల మీదే ఉంటుంది. గింజ పాలు గట్టిపడి పిండి దశకు వస్తుండగా కోసిన మొక్కజొన్నలో దానికి సరిపడా చక్కెరా ఉంటుంది. మేతను కాపాడేది ఆమ్లమే. ఫిన్లాండ్ శాస్త్రవేత్త విర్టానెన్ బ్యాక్టీరియా పులియబెట్టేదాకా ఆగకుండా పచ్చిమేత మీద నేరుగా ఆమ్లమే పోసి నిలవచేశారు. 1945లో రసాయనశాస్త్రంలో ఆయనకు నోబెల్ వచ్చింది. కల్చర్‌తో కలిసొచ్చేది వేగం. పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) త్వరగా 4 దగ్గరికి దిగుతుంది, ఈలోగా పోయే చక్కెర, మాంసకృత్తులు తగ్గుతాయి.

అపోహ: కొనడమెందుకు, పుల్లమజ్జిగో జీవామృతమో చల్లితే చాలు.

పెరుగులోని బ్యాక్టీరియా పాల చక్కెరకు అలవాటుపడింది. మొక్కలోని చక్కెరల మీద దాని పని మందకొడి. పైగా ఇంటి మజ్జిగలో ఈస్టు కూడా ఉంటుంది, పాతర తెరిచాక మేతను వేడెక్కించేది అదే. జీవామృతం ఊసే వద్దు. అది పొలానికి మంచిదే కావచ్చు, కానీ చేసేది పేడతో. పేడలో క్లాస్ట్రీడియా అనే చెడు బ్యాక్టీరియా బీజాలుంటాయి. అవి లాక్టిక్ ఆమ్లాన్ని తిని కంపుకొట్టే బ్యుటిరిక్ ఆమ్లం చేస్తాయి. ఇక చెత్తను ఎరువుగా మార్చే వేస్ట్ డీకంపోజర్ ఉన్నదే కుళ్లబెట్టడానికి!

అపోహ: ఏ ప్యాకెట్ అయినా ఒకటే, కాస్త ఎక్కువేస్తే ఇంకా మంచిది.

ప్యాకెట్ మీద రెండు చూడాలి. మొదటిది బ్యాక్టీరియా పేరు. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ మొదటి రోజుల్లో ఆమ్లాన్ని చకచకా పెంచుతుంది. లాక్టోబాసిల్లస్ బుక్నరి నిదానం. లాక్టిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మార్చి, తెరిచాక ఈస్టు, బూజు పెరగకుండా ఆపుతుంది. దానికి కనీసం 45–60 రోజులు కావాలి. మూడు వారాలకే తెరిచేవాళ్లకు బుక్నరి డబ్బు దండగ.

రెండోది లెక్క. గ్రాము పచ్చిమేతకు లక్ష బ్యాక్టీరియా పడాలి, అంటే టన్నుకు 10 వేల కోట్లు. గ్రాముకు వెయ్యి కోట్లున్న పొడైతే టన్నుకు 10 గ్రాములు. గడువు దాటినదీ, ఎండలో షాపు ముందు వేలాడినదీ ఈ లెక్కకు అందదు.

నీళ్లలో కలపడంలో పొరపాటు చేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వాడొద్దు, బోరు నీళ్లు తీసుకోండి. డ్రమ్ము నీడలో ఉంచి, కలిపింది ఆ రోజే వాడెయ్యండి. చిక్కటి ఉప్పు నీళ్లలో కలపొద్దు. టన్నుకు ఒకటి రెండు లీటర్ల చొప్పున చాఫ్ కట్టర్ (మేత నరికే యంత్రం) నుంచి మేత పడేచోటే పిచికారీ చేయాలి. పొర పైన పోసి వదిలేస్తే కిందికి చేరదు. బ్యాక్టీరియాకు కాళ్లు లేవు.

అపోహ: కల్చర్ ఉంటే మేత ఎంత పచ్చిగా ఉన్నా ఫర్వాలేదు.

నరికిన మేతను గుప్పిట్లో అర నిమిషం గట్టిగా పిసికి వదలండి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే తేమ 75 శాతం దాటినట్టే, క్లాస్ట్రీడియాకు పండగ. ముద్ద నెమ్మదిగా విచ్చుకుని అరచెయ్యి కాస్త చెమ్మగా ఉంటే 65–70 శాతం, కావలసింది అదే. చటుక్కున రాలిపోతే ఎండిపోయింది, ఎంత తొక్కినా మధ్యలో గాలి మిగులుతుంది. నేపియర్‌లో నీరెక్కువ, చక్కెర తక్కువ. కోశాక ఒక పూట నుంచి ఒక రోజు వడలనిచ్చి, టన్నుకు 20–30 కిలోల మొలాసిస్ (చెరకు మడ్డి) కలపండి.

అపోహ: ట్రాక్టర్ నాలుగుసార్లు తిప్పితే తొక్కుడు అయిపోయినట్టే.

గంటకు ఎన్ని టన్నులు పోస్తున్నారో దాన్ని 400తో హెచ్చించండి, తొక్కే ట్రాక్టర్ అన్ని కిలోల బరువుండాలి. రెండు టన్నుల ట్రాక్టర్ గంటకు ఐదు టన్నులకు మించి తొక్కలేదు. రెండు కట్టర్లు ఒకేసారి కుమ్మరిస్తుంటే అది వెనకబడిపోతుంది. మేతను 15 సెంటీమీటర్ల పొరలుగా పరచాలి. ముక్క 1–2 సెంటీమీటర్లుండాలి. ముదురు గోధుమరంగులో పొగాకు వాసనొచ్చే సైలేజీని చూసి 'బాగా మాగింది' అని మురిసిపోతుంటారు. గాలి మిగిలి ఉడికిపోయిన మేత అది, అందులో మాంసకృత్తులు పశువుకు సరిగా అరగవు.

అపోహ: యూరియా మాగేసిన గడ్డీ సైలేజీయే.

వరిగడ్డి 100 కిలోలకు 4 కిలోల యూరియా వేసి మాగబెట్టేది అమ్మోనియాతో జరిగే పని. అక్కడ ఆమ్లమే ఉండదు, కల్చర్ వేస్తే వృథా.

అపోహ: పైన బూజు తీసి, ఎండబెట్టి పెట్టొచ్చు.

ఎండకు బూజు విషం పూర్తిగా పోదు. పెంటకుప్పలో వేయండి.

అపోహ: పాతర ఎంత పెద్దదైతే అంత లాభం.

మన వేడికి తెరిచిన ముఖం నుంచి రోజూ 25–30 సెంటీమీటర్ల మందాన కోసి వాడాలి, లేకపోతే ముఖమంతా వేడెక్కుతుంది. పది గేదెలకు తలా 20 కిలోలు, రోజుకు 200 కిలోలు. ఘనమీటరుకు 600 కిలోలు పట్టేలా తొక్కితే, పాతర ముఖం మీటరు వెడల్పు, మీటరు ఎత్తుకు కాస్త మించి ఉంటే చాలు. అంత ఇరుకులో ట్రాక్టరే దిగదు. పది పశువులవాళ్లకు లోపల ప్లాస్టిక్ లైనరున్న 50 కిలోల బస్తాలే నయం. రోజుకు నాలుగు విప్పండి, ఎలుకలు చిల్లుపెట్టిన బస్తాను ముందు వాడండి.