పాలపళ్లే కదా అనుకుంటే... పిల్లల పళ్ల విషయంలో అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో పిల్లల దంత వైద్యురాలిగా పనిచేస్తున్నాను. పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ వైపుల నుంచి కూడా పిల్లల్ని తీసుకొస్తుంటారు. బడులకూ అంగన్‌వాడీలకూ వెళ్లి పళ్లు తోముకోవడం నేర్పించడం కూడా నా పనిలో భాగమే. పిల్లలకు నేర్పడం తేలిక. నాలుగేళ్ల పాపకు అద్దం చేతికిచ్చి పళ్లు లెక్కపెట్టమంటే సంతోషంగా లెక్కపెడుతుంది. కష్టమంతా ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా నమ్మే కొన్ని మాటలతోనే. అందుకే ఇది పిల్లల కోసం కాదు, వాళ్లకు అన్నం పెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను.

అపోహ: పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయి, పుచ్చితే ఏమవుతుంది?

నేను రోజూ వినే మాట ఇది. ముందు పాలపళ్లు ఆరేడేళ్లకు ఊడిపోతాయి, నిజమే. కానీ నమిలే పాలపళ్లు, అంటే వెనక దవడ పళ్లు, పదీ పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండాలి. మూడేళ్ల బాబుకు దవడ పన్ను పుచ్చితే, అది ఊడేదాకా ఏడెనిమిదేళ్లు ఆ పిల్లవాడు దానితోనే తినాలి, దానితోనే నిద్రపోవాలి. నొప్పి వల్ల ఒకవైపే నమిలేవాళ్లు, అన్నం వద్దని మారాం చేసేవాళ్లు, రాత్రి లేచి ఏడ్చేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. చాలామంది తల్లులు దాన్ని మొండితనం అనుకుంటారు.

ఇంకో సంగతి. బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, పాలపన్ను కింద పెరుగుతున్న శాశ్వత దంతానికి చోటు ఆపి ఉంచుతుంది. దాన్ని ముందే తీసేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత వచ్చే పన్ను ఎక్కడ సందు దొరికితే అక్కడ వంకరగా మొలుస్తుంది. పాలపన్ను వేరు దగ్గర చీము పడితే కింద తయారవుతున్న పన్ను మీది గట్టి పింగాణీ పొర (ఎనామెల్) కూడా దెబ్బతినవచ్చు.

ఇక్కడే అందరూ పొరబడే పన్ను ఒకటుంది. ఆరేళ్ల వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, అన్ని పాలపళ్లకూ వెనక నాలుగు మూలలా నాలుగు పెద్ద దవడ పళ్లు వస్తాయి. అవి శాశ్వత దంతాలు. ఏదీ ఊడలేదు కాబట్టి ఇవీ పాలపళ్లే అనుకుంటారు. బ్రష్షు అంత వెనక్కి పోదు, వాటి మీది గాళ్లు లోతుగా ఉంటాయి, దాంతో వచ్చిన రెండు మూడేళ్లకే పుచ్చిపోతాయి. ఎనిమిదేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఇది జీవితాంతం ఉండాల్సిన పన్ను అని చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడలేను. ఆ పళ్లు రాగానే గాళ్లను పూడ్చే సీలెంట్ పూత వేయించవచ్చు. సూది ఉండదు, నొప్పి ఉండదు.

అపోహ: పంటిలో పురుగు ఉంటుంది, దాన్ని తీయిస్తే పోతుంది

పంటి పురుగు నమ్మకం మనది మాత్రమే కాదు. బాబిలోనియా మట్టి పలకల మీద కూడా దాని కథ ఉంది. అయితే పుచ్చులో పురుగేదీ ఉండదు. నోట్లో సహజంగా ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికా దంత వైద్యుడు విలోబీ మిల్లర్ 1890లోనే ఈ సంగతి రాశాడు. గింజలు కాల్చి పొగ పట్టించి, 'ఇదిగో పురుగు' అని తెల్లటి పోగులు చూపించేవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. ఆ పోగులు వేడికి పగిలిన గింజల్లోంచి వచ్చినవి, నోట్లోంచి కాదు.

అపోహ: చక్కెర చెడ్డది, బెల్లం మంచిది

బెల్లం గురించి మాట్లాడితే మా ప్రాంతంలో కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు సమర్పించే బెల్లాన్ని బంగారం అంటాం. ఇంటికి తెచ్చిన ఆ బంగారాన్ని పిల్లలకు పెట్టవద్దని నేనెప్పుడూ అనను. కానీ పంటి మీది సూక్ష్మజీవికి బెల్లానికీ చక్కెరకూ తేడా తెలియదు. రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది సుక్రోజ్ అనే ఒకే రకం తీపి పదార్థమే. పైగా బెల్లం ముక్క, పల్లీపట్టీ, నువ్వుల ఉండ పళ్లకు అతుక్కుని ఎక్కువసేపు ఉంటాయి. తేనె కూడా అంతే. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు నాకించకూడదు. అది పళ్ల సంగతి కాదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు సోకే వీలుంది.

మరి ఏం చేయాలి? ప్రసాదమైనా, బతుకమ్మ నాటి మలీద అయినా, సత్తుపిండి అయినా అన్నం తిన్న వెంటనే పెట్టండి. డబ్బా అందుబాటులో ఉంచి, వచ్చీపోతూ చిటికెడు చిటికెడు నోట్లో వేసుకోనివ్వకండి. ఎందుకో చెబుతాను. ఈ మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుబట్టేది దీని మీదే.

ఎంత తిన్నారన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నారన్నది

తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పంటి మీద ఆమ్లత పెరుగుతుంది. ఆమ్లతను కొలిచే పి.హెచ్. అంకె (ఆమ్లత పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) సుమారు 5.5 కన్నా కిందికి పడితే పింగాణీలోంచి కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తర్వాతే పోయిన ఖనిజం కొంత తిరిగి పంటిలోకి చేరుతుంది. అయిదు చాక్లెట్లు ఒకేసారి తింటే పంటికి ఒకసారే దాడి. అవే అయిదు రోజంతా తింటే అయిదు దాడులు, కోలుకునే సమయం ఉండదు.

స్వీడన్‌లో 1940లలో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో దీని మీద పెద్ద పరిశోధన జరిగింది. భోజనంతో పాటు తీపి ఇచ్చినవాళ్లలో పుచ్చులు కొద్దిగానే పెరిగాయి, భోజనాల మధ్య అతుక్కునే టాఫీలు ఇచ్చినవాళ్లలో విపరీతంగా పెరిగాయి. బుద్ధిమాంద్యం ఉన్న రోగుల మీద, వాళ్ల అనుమతి లేకుండా చేసిన ప్రయోగం అది. ఈ రోజున ఎవరూ చేయలేరు, చేయకూడదు కూడా. కానీ అది చూపిన విషయం నేటికీ నిలిచి ఉంది.

ఇప్పుడు మన ఇంట్లో ఒక రోజు చూడండి. పొద్దున చక్కెర వేసిన పాలు. బడికి వెళ్లే దారిలో ఒక బిస్కెట్ ప్యాకెట్. విరామంలో చిప్స్. బడి నుంచి రాగానే కిరాణా కొట్లో టాఫీ. సాయంత్రం పెద్దవాళ్ల చాయ్‌లో ముంచిన బిస్కెట్. పడుకునే ముందు మళ్లీ తీపి పాలు. 'మా వాడు చాక్లెట్లే తినడు మేడం' అనే తల్లి అబద్ధం చెప్పడం లేదు. మిగతావి ఆమె లెక్కలోకి రాలేదు, అంతే. చిప్స్ తియ్యగా ఉండవు కాబట్టి ఫరవాలేదనుకుంటారు. నమిలిన పిండిపదార్థం గాళ్లలో ఇరుక్కుని, లాలాజలం వల్ల అక్కడే చక్కెరగా మారుతుంది. తియ్యటి దగ్గు సిరప్ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. రాత్రి అది తాగించాక కాస్త నీళ్లు తాగించండి.

బదులు ఏం పెట్టాలి అంటే దూరం పోనక్కర్లేదు. ఉడికించిన శనగలు, బొబ్బర్ల గుడాలు, మక్క కంకి, జామకాయ, కీరదోస, ఉడికిన గుడ్డు, పలుచటి మజ్జిగ. సంక్రాంతి సకినాలు తీపి కన్నా నయమే, కానీ అవి తిన్నాక నోరు పుక్కిలించాలి. పల్లీల వంటి గట్టి గింజలు మాత్రం నాలుగైదేళ్ల లోపు పిల్లలకు అలాగే ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. పండు తిననివ్వండి, రసం తీసి సీసాలో పోయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించుకోమంటున్న చక్కెరల జాబితాలో తేనెతో పాటు పండ్ల రసం కూడా ఉంది.

రాత్రి పాలసీసా గురించి విడిగా చెప్పాలి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయిన బిడ్డకు పై ముందు పళ్ల చుట్టూ పాలు నిలిచిపోతాయి. కింది పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి బాగుంటాయి. పై నాలుగు పళ్లు నల్లబడి, కింద తెల్లగా ఉంటే చూడగానే సీసా పని అని తెలిసిపోతుంది. తల్లిపాలు మానమని దీని అర్థం కాదు, అవి రెండేళ్ల దాకా ఇవ్వండి. పళ్లు వచ్చాక మాత్రం రాత్రి పడుకునే ముందు తోమండి, ఆ తర్వాత సీసా పట్టాల్సి వస్తే మంచినీళ్లే.

అపోహ: ఫ్లోరైడు విషం, పిల్లలకు ఫ్లోరైడు లేని పేస్టే వాడాలి

నల్గొండ ఫ్లోరోసిస్ బాధితుల వంగిన ఎముకలు చూసిన తెలంగాణలో ఈ భయం ఉండటంలో తప్పు లేదు. అది తాగే నీటితో, ఏళ్ల తరబడి, ఎక్కువ మోతాదులో ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడు. పేస్టులోది పంటి పైన పనిచేస్తుంది, కరిగిన ఖనిజాన్ని తిరిగి నిలబెడుతుంది. లెక్క వేసి చూపిస్తాను. 1000 పి.పి.ఎం., అంటే గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడున్న పేస్టు బఠాణీ గింజంత అంటే సుమారు పావు గ్రాము. పిల్లవాడు అదంతా మింగినా ఒంట్లోకి పోయేది పావు మిల్లీగ్రాము. లీటరుకు రెండు మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు ఒక్క లీటరు తాగితే రెండు మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. మీ ఊళ్లో బోరు నీళ్లే తాగుతుంటే ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించండి. మిషన్ భగీరథ నల్లా వస్తుంటే పిల్లలకు అవే తాగించండి.

మోతాదు గుర్తుంచుకోండి. మొదటి పన్ను వచ్చినప్పటి నుంచి మూడేళ్ల దాకా బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్లకు బఠాణీ గింజంత. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా వంపులు తిరిగి కనిపించే పేస్టు అమ్మకాల కోసం, పళ్ల కోసం కాదు. పిల్లల పేస్టు డబ్బా మీద బొమ్మ చూడటం కాదు, వెనక ఫ్లోరైడు ఎంతో చదవండి. పేస్టు పెద్దవాళ్లే వేయాలి. తోమాక ఉమ్మేస్తే చాలు, నీళ్లతో పదే పదే పుక్కిలిస్తే పని చేయాల్సిన ఫ్లోరైడు కూడా పోతుంది.

అపోహ: మా పాప తనే తోముకుంటుంది

తోముకోనివ్వండి. తర్వాత మీరు మళ్లీ తోమండి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల మణికట్టుకు పళ్ల వెనకవైపు శుభ్రం చేసేంత నేర్పు రాదు. బూటు లేసు చక్కగా కట్టుకోగలిగే దాకా బ్రష్షు మీ చేతిలోనే ఉండాలని నేను చెబుతుంటాను. చిన్నపిల్లలకు ఎదురుగా నిలబడి తోమితే ఏమీ కనిపించదు. బిడ్డ తలను మీ ఒళ్లో పెట్టుకుని పైనుంచి చూస్తూ తోమండి. రెండు పూటలా తోమాలి, ఒక పూట తప్పితే అది పొద్దుటి పూట కావాలి కానీ రాత్రిది కాకూడదు.

వేపపుల్ల గురించి అడగని తాతలు లేరు. ఆయన వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. చిన్నపిల్లలకు మాత్రం చిగుళ్లు గీరుకుంటాయి, వెనక పళ్లకు అందదు, అందులో ఫ్లోరైడూ ఉండదు. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఉప్పు పింగాణీని అరగదీస్తాయి. పొగాకు కలిపిన పళ్లపొడులను, పేస్టులను 1992లోనే నిషేధించారు. పెద్దవాళ్లెవరైనా పొగాకు పొడితో పళ్లు తోముతుంటే అది పిల్లల చేతికి అందనివ్వకండి.

బడిలో నేర్పేటప్పుడు నేను వాడేవి రెండే. మొదటిది రెండు కోడిగుడ్లు. ఒకటి నీళ్లలో, ఒకటి వెనిగర్‌లో వేస్తే వెనిగర్‌లోని పెంకు బుడగలు కడుతూ మర్నాటికి మెత్తబడుతుంది. పెంకు కాల్షియం కార్బొనేటు, పింగాణీ కాల్షియం ఫాస్ఫేటు, రెండూ ఒకటి కావు. కానీ పులుపు గట్టిదాన్ని కరిగిస్తుందన్నది అయిదేళ్ల పిల్లలకు కంటికి కనిపించాలి. రెండోది, మిఠాయిల్లో వాడే తినే రంగు. నీళ్లలో కలిపి దూదితో పళ్లకు రాసి పుక్కిలించమంటే, పాచి ఉన్నచోట రంగు పట్టుకుని ఉంటుంది. అద్దంలో చూసుకుని వాళ్లే బ్రష్షు అడుగుతారు. ఎవరు ఎక్కువ రంగు పోగొట్టారో చూడమంటే ఇక నా అవసరమే ఉండదు. 'పళ్లు తోమకపోతే డాక్టరమ్మతో సూది వేయిస్తా' అన్న బెదిరింపు మాత్రం దయచేసి మానండి. ఆ పిల్లవాడి నోరు తెరిపించాల్సింది నేనే.

మిగిలినవి చిన్నవి. పై పన్ను తీస్తే చూపు పోదు, పంటి నరం వేరు, కంటి నరం వేరు. పళ్లు వచ్చేటప్పుడు చిగుళ్లు దురదపెట్టి చొంగ కారుతుంది, కొద్దిగా చిరాకు ఉంటుంది. కానీ నీళ్ల విరేచనాలు, గట్టి జ్వరం పళ్ల వల్ల రావు. ఆ వయసు పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్లవి. పళ్ల విరేచనాలే అని ఊరుకోకుండా ఓ.ఆర్.ఎస్. తాగించి డాక్టర్‌కు చూపించండి.

నొప్పి వస్తేనే దంత వైద్యుల దగ్గరికి వెళ్లాలన్నది ఆఖరిది. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి చూపించాలి. సర్కారు బడుల్లో, అంగన్‌వాడీల్లో 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు చూసే సమస్యల్లో పుచ్చుపళ్లు కూడా ఉన్నాయి. వాళ్లు వచ్చిన రోజు పిల్లల్ని బడి మాన్పించకండి. ఇంట్లో మీరే చేయగలిగింది ఇంకొకటి ఉంది. నెలకొకసారి పగటి వెలుతురులో బిడ్డ పై పెదవి ఎత్తి, చిగురుకు ఆనుకుని ముందు పళ్ల మీద సుద్దలాంటి తెల్లని గీత ఉందేమో చూడండి. పుచ్చు మొదలైందనడానికి అదే మొదటి గుర్తు. ఆ దశలో వస్తే ఫ్లోరైడు వార్నిష్ పూసి, తిండి వేళలు సరిచేసి ఆపేయవచ్చు. డ్రిల్లు అవసరమే రాదు.