పెన్ను కదిపే ముందు

చిరంజీవులకు,

ఆశీస్సులు. పని చెప్పగానే ఎగిరి మొదలుపెట్టే మీ హుషారు నాకు చాలా ఇష్టం. అది తగ్గించుకోమని రాయడం లేదు, మొదలుపెట్టే ముందు పనిని మొత్తం ఒకసారి చూడమంటున్నాను. ముందు ఈ చిన్న లెక్క చూడండి.

17ని 36తో హెచ్చవేయాలి, మళ్ళీ 17ని 64తో హెచ్చవేయాలి, రెండూ కూడాలి. చాలామంది మొదటి ముక్క చదివీ చదవగానే పెన్ను తీస్తారు. 612 వస్తుంది. తర్వాత 1088. కూడితే 1700. తప్పేమీ లేదు. కానీ లెక్కని చివరిదాకా చదివినవాళ్ళకి 36, 64 కలిస్తే నూరు అవుతుందని కనబడుతుంది. పదిహేడు వందలు! కాగితంతో పనే లేదు. వాళ్ళకి తెలివి ఎక్కువై కాదు, రెండో ముక్క కూడా చూశాకే చెయ్యి కదిపారు, అంతే.

మొత్తం చూడటమంటే అన్నీ బట్టీ పట్టడం అనుకునేరు. 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు చదరంగం ఆటగాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. ఆట మధ్యలో ఉన్న బోర్డుని 5 సెకన్లు చూపించి దాచేసి, గుర్తున్నంత వరకు పావుల్ని పేర్చమన్నారు. కొత్త ఆటగాడు నాలుగు పావులు సరిగ్గా పెడితే, మాస్టర్ పదహారు దాకా పెట్టాడు. తర్వాత పావుల్ని ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపించారు. ఈసారి మాస్టర్‌కీ అందరిలాగే ఏవో కొన్నే గుర్తున్నాయి! అంటే అతనిది మనకి లేని జ్ఞాపకశక్తి కాదు. ఏ గుర్రం ఏ బంటుని కాస్తోంది, రాజు చుట్టూ ఎవరున్నారు అనే సంబంధాలు చూస్తున్నాడు. చెల్లాచెదురు బోర్డులో ఆ సంబంధాలే లేవు.

నలుగురు కలిసి ప్రాజెక్టు చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. 1999లో అంగారకుడి దగ్గరికి వెళ్ళిన నాసా నౌక ఒకటి చేతికి అందకుండా పోయింది. ఒక జట్టు బలం లెక్కలు పౌండ్లలో ఇచ్చింది, వాటిని అందుకున్న జట్టు అవి న్యూటన్లు అనే వేరే కొలతలో ఉన్నాయనుకుంది. ఎవరి ముక్క వాళ్ళు చేశారు, రెండూ కలిసే చోటే కొలతలు సరిచూసుకోలేదు. అందుకని పని పంచుకునే ముందు చివరికి చేతికి ఏం రావాలో అందరూ ఒకే మాట అనుకోండి. నీ ముక్క ఎవరికి చేరుతుంది, వాళ్ళకి అది ఏ రూపంలో కావాలి అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంకో మాట. మొదట్లోనే అంతా స్పష్టంగా కనబడదు. అలాగని టెన్షన్ పడి కూర్చోకండి. కనబడినంతలో మొదలుపెట్టి, సగంలో ఒకసారి ఆగి మళ్ళీ మొత్తం చూడండి. అప్పటికి చేసింది మార్చాల్సి వస్తే మార్చేయండి, ఆ శ్రమ ఎక్కడికీ పోదు.

మీ తాతయ్య