వేపచెట్టు కొట్టించొద్దన్న పిల్లలకు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. పెరట్లో డ్రైనేజీ జామ్ అయిందని, బద్దతో పొడిస్తే వేర్లు బయటికొచ్చాయని, అందుకే మీ నాన్న వేపచెట్టు కొట్టించేద్దామంటున్నాడని రాశారు. చెట్టు నిలబడాలంటే ఏడిస్తే చాలదు. వేరు పైపులోకి ఎలా వెళ్లిందో మీకు తెలియాలి. అది మీరు నాన్నకు చెప్పండి, మిగతాది నేను మాట్లాడతాను.

గట్టిగా ఉన్న పైపును వేరు పగలగొట్టదు. ముందు పైపు అతుకు వదులుతుంది, ఆ తర్వాతే వేరు వస్తుంది. ఆ లైను వేసినప్పుడు నేనక్కడే ఉన్నాను. అవి స్టోన్‌వేర్ పైపులు, అంటే మట్టితో చేసి, కాల్చి, నున్నగా పూత పెట్టినవి. ఒక్కో ముక్క 2 అడుగులే. చాంబర్ నుంచి వీధి మ్యాన్‌హోల్ దాకా 40 అడుగులుంటే దాదాపు 20 అతుకులన్నమాట. ప్రతి అతుకునూ సిమెంటుతోనే పూడ్చారు. నేల కాస్త కుంగినా, పైన బరువు పడినా ఆ సిమెంటు బీటలిస్తుంది. వెంట్రుకవాసి సందు చాలు, నీళ్లు చెమర్చి చుట్టూ మట్టి తడుస్తుంది. ఎండాకాలం పెరడంతా ఎండిపోయినప్పుడు వేరు ఆ తడినే పట్టుకుని పెరుగుతుంది. లోపలికి చేరాక దానికి నీళ్లతోపాటు నత్రజని, భాస్వరం కూడా దొరుకుతాయి. వేర్లు కూడా ఊపిరి పీలుస్తాయి కదా, డ్రైనేజీ పైపు ఎప్పుడూ నిండుగా పారదు కాబట్టి గాలికీ లోటుండదు. దారంలా దూరినది లోపల కొబ్బరిపీచు ముద్దలా పెరుగుతుంది. తలవెంట్రుకలు, గిన్నెల జిడ్డు, ఫ్లష్‌లో వేసిన తడి వైప్స్ అన్నీ దానికే తగులుకుంటాయి.

జామ్ ఎక్కడుందో కనిపెట్టడం తేలికే. చాంబర్ మూతలు నాన్నే తీయాలి, మీరు దూరంగా నిలబడి చూడండి. మొదటి చాంబర్ నిండి, రెండోది ఖాళీగా ఉంటే అడ్డం ఆ రెంటి మధ్యే ఉన్నట్టు.

వెదురుబద్దతో పొడిస్తే పీచులో చిన్న కన్నం పడి నీళ్లు పోతాయి. అందరూ అయిపోయిందనుకుంటారు, కానీ వేరు అక్కడే ఉంటుంది. కట్టర్ తగిలించిన స్ప్రింగ్ మెషిన్‌తో, అంటే పైపులోకి తిరుగుతూ వెళ్లే పొడవాటి స్ప్రింగుతో కోయించాలి, తర్వాత జెట్టింగ్‌తో, అంటే ఒత్తిడితో నీళ్లు చిమ్మించి కడిగించాలి. పాత పైపు కాబట్టి ప్రెషర్ చూసి పెట్టమనండి. ఆపైన చిన్న కెమెరా పంపిస్తే ఏ అతుకు వదిలిందో కనిపిస్తుంది. కోసిన వేరు మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి పని అక్కడితో ఆపకూడదు.

మైలుతుత్తం పొయ్యమని ఎవరైనా చెబితే వినకండి. తోటల్లో తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమంలో వాడేది అదే. అది తగిలిన వేరు చస్తుంది గానీ జామ్ కరగదు, పైగా ఆ నీళ్లు చేరిన చెరువులో చేపలకు విషం. యాసిడ్ జోలికి అసలే వెళ్లొద్దు. అంతకుముందు ఎవరైనా బ్లీచింగ్ పౌడర్ పోసి ఉంటే రెండూ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎంత చిన్న పనైనా సరే, చాంబర్‌లోకి గానీ మ్యాన్‌హోల్‌లోకి గానీ మనిషిని దిగనివ్వకండి. మురుగు కుళ్లినచోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలికంటే బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది. కొంచెమే ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. దిగినవాడు పడిపోతాడు, అతణ్ణి తీయబోయినవాడూ పడిపోతాడు. రక్షణ లేకుండా మనుషుల్ని ఇలా దించడాన్ని, చేతులతో మలం ఎత్తించడాన్ని 2013లో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు అది 10 లక్షలు. బెజవాడ విల్సన్ గారి గురించి చదవండి. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊళ్లో చేతులతో మలం ఎత్తే పని చేసిన కుటుంబంలో పుట్టి, మనుషులతో ఇలాంటి పనులు చేయించడాన్ని ఆపడానికే జీవితమంతా పెట్టారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. యంత్రం దొరుకుతున్నప్పుడు మనిషిని దించడానికి మన ఇంట్లో ఏ కారణమూ చెల్లదు.

ఇక చెట్టు సంగతి. దాన్ని కొట్టేసినా వదిలిన అతుకులు అలాగే ఉంటాయి. మురుగు మట్టిలోకి ఇంకుతూనే ఉంటుంది, రేపు గోడమీది రావి మొక్క వేరో, పక్కింటి బాదం వేరో వస్తుంది. మార్చాల్సింది పైపు. పీవీసీ పైపులు పొడుగ్గా వస్తాయి కాబట్టి అతుకులు తక్కువ, రబ్బరు రింగు సరిగ్గా కూర్చుంటే సందుండదు. 4 అంగుళాల పైపుకు 40 అడుగులకు 1 అడుగు వాలు ఇవ్వమనండి. చెట్టుకు వీలైనంత దూరంగా, ప్రహరీ వైపు నుంచి లైను తీసుకెళ్లొచ్చు. గుంత తవ్వేటప్పుడు మొదలు దగ్గరి లావు వేర్లు నరకనివ్వకండి. అవి పోతే గాలివానకు చెట్టు ఇంటిమీదే పడొచ్చు. అడ్డొస్తే వేరు కిందనుంచి పైపు దూర్చమని చెప్పండి.

పాత లైను ఎక్కడ మలుపు తిరుగుతుందో గుర్తున్నంతవరకు గీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పైపు మార్చాక గుంత పూడ్చకముందే టేపు పట్టి కొలతలు రాసుకోండి. గోడ నుంచి ఎంత దూరం, ఎంత లోతు, చాంబర్లు ఎక్కడ, అన్నీ. ఆ కాగితం ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టమని అమ్మకు ఇవ్వండి. నాన్నను ఆదివారం నాకు ఫోన్ చేయమనండి.

మీ తాతయ్య