మందుల షాపులో కొన్న కెమెరా

1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ ఫ్రెండ్‌షిప్ 7 అనే అంతరిక్ష నౌకలో భూమిని మూడుసార్లు చుట్టి వచ్చాడు. ఆయన వెంట తీసుకెళ్లిన అన్‌స్కో ఆటోసెట్ కెమెరా నాసా ల్యాబ్‌లో పుట్టిందేం కాదు, ఫ్లోరిడాలోని కోకో బీచ్‌లో ఓ మందుల షాపులో సుమారు 40 డాలర్లు పెట్టి ఆయనే కొనుక్కున్నది. అక్కడి మందుల షాపుల్లో కెమెరాలు కూడా అమ్మేవాళ్లు లెండి.

దాన్ని ఉన్నది ఉన్నట్టుగా వాడటం మాత్రం కుదరదు. తలకి హెల్మెట్ ఉంటే కన్ను వ్యూఫైండర్ (ఫొటోలో ఏం పడుతుందో చూసుకునే కంత) దాకా వెళ్లదు, ఆ గ్లవ్స్‌తో చిన్న బటన్ దొరకదు. అందుకని టెక్నీషియన్లు కెమెరాని తలకిందులు చేసి, కింద తుపాకీ పిడి లాంటిది బిగించి, ట్రిగ్గర్ నొక్కితే ఫొటో పడేలా చేసి, పైన ఇంకో వ్యూఫైండర్ పెట్టారు. వెలుతురుని బట్టి ఎక్స్‌పోజర్ అదే సర్దుకునే మోడల్ కావడం కలిసొచ్చింది.

అదే ఏడాది అక్టోబర్‌లో ఇంకో వ్యోమగామి వాలీ షిరా హ్యూస్టన్‌లో కొన్న హాసెల్‌బ్లాడ్ 500సి కెమెరాని అంతరిక్షంలోకి పట్టుకెళ్లాడు. దాని పై తోలు ఊడదీసి నల్ల రంగు వేశారు, లేకపోతే కిటికీ అద్దంలో కెమెరా మెరుపే ఫొటోలో పడుతుంది. ఇవన్నీ చూస్తే నాకు నచ్చేది ఒకటే, కొత్తగా కనిపెట్టిన దానికంటే పీకేసిందీ మార్చిందే ఎక్కువ. 1966లో జెమిని 10 నౌక బయట తేలుతూ పనిచేస్తున్న వ్యోమగామి మైకేల్ కాలిన్స్ చేతి నుంచి ఇలాంటిదే ఒక హాసెల్‌బ్లాడ్ జారిపోయింది, ఇక దొరకలేదు.

చంద్రుడి మీదికి వెళ్లేసరికి లెక్క మారింది. శూన్యంలో మామూలు గ్రీజు ఆవిరై వెళ్లి లెన్సు మీద పేరుకుంటుంది కాబట్టి దాన్ని మార్చారు, ఎండకి వేడెక్కకుండా వెండి రంగు పూత వేశారు. అపోలో 11లో కెమెరాని ఛాతీకి తగిలించుకున్నారు. వ్యూఫైండర్‌లోంచి చూడటం అనేదే లేదు, ఏది తీయాలో అటు ఒళ్లంతా తిప్పి నొక్కడమే! ఆ ఫొటోల్లో కనిపించే చిన్న చిన్న ప్లస్ గుర్తులు లోపలి గాజు పలక మీద గీసినవి, తర్వాత దూరాలు కొలవడానికి. కెమెరా ఎక్కువసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరే ఉండటంతో అక్కడ తీసిన ఫొటోల్లో ఆయనే సరిగా కనిపించడు, పెళ్లి ఆల్బమ్‌లో కెమెరా పట్టుకున్న బాబాయిలాగా.

తిరుగు ప్రయాణంలో ప్రతి కిలోకీ లెక్కే, రాళ్లూ మట్టీ కలిపి 21 కిలోలకు పైగా తేవాలి. ఫిల్ము ఉన్న డబ్బాలు (మ్యాగజీన్లు) ఊడదీసుకుని, ఆ కెమెరాని అక్కడే వదిలేసి వచ్చారు.