ఫరక్కా: సగటు లెక్క తెచ్చిన చిక్కు

భారత్, బంగ్లాదేశ్ 1996లో చేసుకున్న గంగా జలాల ఒప్పందానికి గడువు 2026 డిసెంబరు 12. పొడిగింపు మాట ఎత్తగానే పాత వాదాలన్నీ లేచాయి. కోల్‌కతా రేవులో పూడిక కడిగేందుకు పశ్చిమ బెంగాల్‌లో గంగపై ఫరక్కా బ్యారేజీ కట్టడం, 1975లో గంగ నీటిని రేవు వైపు మళ్లించే ఫీడర్ కాలువకు నీళ్లు వదలడం అందరికీ తెలిసినవే. అసలు మెలిక 1977కూ 1996కూ మధ్య పడింది.

1977 ఒప్పందం 1948–73 ప్రవాహ రికార్డుల నుంచి 75 శాతం డిపెండబిలిటీని, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు వచ్చే నీటిని, లెక్కలోకి తీసుకుంది. కృష్ణా నికర జలాలను బచావత్ ట్రిబ్యునల్ పంచిందీ ఈ పద్ధతిలోనే. దానికి తోడు ఒక హామీ: నది ఎంత తగ్గినా బంగ్లాదేశ్‌కు పట్టికలోని వాటాలో 80 శాతం వదలాల్సిందే. ఏప్రిల్ చివరి పది రోజుల వాటా 34,500 క్యూసెక్కులు కనుక 27,600కు తగ్గడానికి వీల్లేదు. 1982 అవగాహన పత్రంలో ఆ హామీ ఎగిరిపోయింది. 1996లోనూ తిరిగి రాలేదు.

1996 పట్టికకు ఆధారం 1949–88 సగటు. సగటు అన్నాక అంతకు తక్కువ వచ్చే ఏళ్లు బోలెడు. మార్చి 11 నుంచి మే 10 దాకా పదేసి రోజుల చొప్పున ఒకసారి ఒక దేశానికి, తర్వాత రెండో దేశానికి 35,000 క్యూసెక్కులు ఖాయం. ఏప్రిల్ 11–20 భారత్ వంతు. సగటు మేరకు 62,633 వస్తే బంగ్లాదేశ్‌కు 27,633. వచ్చింది 52,000 అనుకోండి, దక్కేది 17,000. ప్రవాహం 50,000 కంటే దిగితేనే అత్యవసర సంప్రదింపులు. పట్టికలో నదికంటూ విడిగా ఒక్క క్యూసెక్కూ లేదు.

ఆ లోటు మొదట తగిలేది గొరాయ్‌కి. నైరుతి బంగ్లాదేశ్‌కు గంగ మంచినీళ్లు మోసే పాయ అది. వరదల్లో దాని ముఖద్వారంలో ఇసుక మేట వేస్తుంది. వరద తీశాక ఆ మేటను కోసే ధార లేకపోతే వేసవికల్లా పాయ గంగతో తెగిపోతుంది. అప్పుడు ఖుల్నా నదుల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. సుందర్‌బన్స్‌లో సుందరి చెట్లు కొసల నుంచి ఎండడానికి ఈ ఉప్పూ ఒక కారణం. డ్రెడ్జర్లతో తవ్వినా మరుసటి వరదకు మళ్లీ మేటే.

రేవుకు 40,000 క్యూసెక్కులు కావాలన్నది భారత్ వాదన. బ్యారేజీ వెనక పూడిక వల్లే బిహార్‌లో వరదలంటూ 2016లో నితీశ్ కుమార్ దాన్ని తొలగించాలన్నారు. ఒప్పందం పొడిగింపుపై తమ రాష్ట్రాన్ని సంప్రదించలేదని 2024 జూన్‌లో అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రధానికి లేఖ రాశారు.

ఫరక్కాకు వచ్చే ప్రవాహాన్ని 1949–88 సగటుకు తగ్గకుండా కాపాడేందుకు శాయశక్తులా ప్రయత్నిస్తామని 1996లో భారత్ ఒప్పుకుంది. రెండు దేశాల ఉమ్మడి కమిటీ మాత్రం నీటిని ఫరక్కా దగ్గర, బంగ్లాదేశ్‌లోని హార్డింజ్ వంతెన దగ్గర మాత్రమే కొలుస్తుంది. ఎగువన ఉత్తరప్రదేశ్, బిహార్ కాలువలు, పంపులు లాగేసే నీళ్లు ఆ లెక్కల పుస్తకంలోకి ఎక్కవు.