ఎఫ్ఆర్4 తీసేసి వేరే బోర్డు పెడితే: వైడ్‌బ్యాండ్ యాంటెన్నాలపై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఈసీఈ ఫైనలియర్ ప్రాజెక్టులు మొదలయ్యాయంటే నా మెయిల్‌కు ఫైళ్లు వచ్చిపడతాయి. చాలావాటిది ఒకటే కథ. ఎఫ్ఆర్4 (మామూలు గ్లాస్-ఎపాక్సీ సర్క్యూట్ బోర్డు) మీద ఎవరో చేసిన 3.1-10.6 గిగాహెర్ట్జ్ మోనోపోల్ యాంటెన్నా డిజైన్ తీసుకుంటారు, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో మెటీరియల్ పేరు మార్చి రన్ కొడతారు. "సార్, బ్యాండ్ పోయింది!"

అపోహ: పర్మిటివిటీ సగమైతే కొలతలన్నీ 1.41 రెట్లు పెంచాలి.

పర్మిటివిటీ అంటే బోర్డు పదార్థం లోపల తరంగం ఎంత కుదించుకుపోతుందో తేల్చే అంకె. అది ఎఫ్ఆర్4కు ఉండే 4.4 నుంచి 2.2కు దిగితే వర్గమూలం లెక్కన 1.41 వస్తుంది, కాదనను. కానీ ఆ లెక్క ఫీల్డ్ దాదాపు మొత్తం బోర్డులోనే ఉన్నప్పటిది. ప్రింటెడ్ మోనోపోల్‌లో రేడియేటర్ (తరంగాలు వెదజల్లే రాగి భాగం) కింద గ్రౌండ్ రాగి పొర ఉండదు కాబట్టి ఫీల్డ్ చాలావరకు గాలిలోనే ఉంటుంది. 1.6 మి.మీ. ఎఫ్ఆర్4కు కింది ఫ్రీక్వెన్సీ లెక్కలో వాడే దిద్దుబాటు 1.15 మాత్రమే. అంటే బోర్డు మొత్తం పీకేసినా మారేది 15 శాతం చుట్టుపక్కలే.

అసలు ముందు మారాల్సింది ఫీడ్ లైన్, అంటే కనెక్టర్ నుంచి రేడియేటర్‌కు సిగ్నల్ తీసుకెళ్లే రాగి పట్టీ. 50 ఓములకు 1.6 మి.మీ. ఎఫ్ఆర్4 మీద వెడల్పు సుమారు 3 మి.మీ.; దాదాపు అంతే మందం ఉన్న ఆర్‌టీ డ్యూరాయిడ్ 5880 (పర్మిటివిటీ 2.2 ఉన్న, నష్టం తక్కువ బోర్డు) మీద 4.8 మి.మీ. పాత 3 మి.మీ. అలాగే వదిలేస్తే లైను 68 ఓముల దగ్గరికి పోతుంది. దాన్ని సరిచేసి, పోర్టు (మోడల్‌లో సిగ్నల్ పంపే చోటు) సైజు కూడా మార్చి, ఆ తర్వాతే గ్రౌండ్‌కూ రేడియేటర్‌కూ మధ్య గ్యాప్‌ను 0.1 మి.మీ. చొప్పున మారుస్తూ స్వీప్ చేయండి.

అపోహ: ఎస్11 ఎంత కిందికి దిగితే అంత మంచి యాంటెన్నా.

ఎస్11 అంటే పంపిన సిగ్నల్‌లో వెనక్కి తిరిగొచ్చేదెంతో చెప్పే కొలత. 50 ఓముల రెసిస్టర్‌కు కూడా ఎస్11 బ్రహ్మాండంగా ఉంటుంది, అది యాంటెన్నా అవుతుందా? ఎఫ్ఆర్4 లాస్ టాంజెంట్ (పదార్థం సిగ్నల్‌ను ఎంత వేడిగా మార్చేస్తుందో చెప్పే అంకె) 0.02 దగ్గర. 10 గిగాహెర్ట్జ్‌లో మైక్రోస్ట్రిప్ లైను ప్రతి సెంటీమీటరుకూ సుమారు 0.3 డీబీని బోర్డే మింగేస్తుంది. 3 సెం.మీ. ఫీడ్ అంటే 0.9 డీబీ, పవర్‌లో దాదాపు 19 శాతం వేడైపోయినట్టే. తిరిగొచ్చే తరంగానికీ అంతే కోత పడుతుంది కాబట్టి ఎస్11 ఉన్నదానికంటే 1.8 డీబీ అందంగా కనిపిస్తుంది. 5880లో ఈ నష్టం సెంటీమీటరుకు 0.01 డీబీ. అందుకే మంచి బోర్డుకు మారగానే గ్రాఫ్ చెడినట్టు కనిపించి పిల్లలు టెన్షన్ పడతారు. రేడియేషన్ ఎఫిషియెన్సీ, గెయిన్ చూడకుండా రెండు బోర్డులను పోల్చకండి.

అపోహ: మెష్‌ను బ్యాండ్ మధ్యలో, 6.85 దగ్గర పెడితే చాలు.

మెష్ (సాఫ్ట్‌వేర్ మోడల్‌ను చిన్న ముక్కలుగా కోసే వల) బ్యాండ్ పై అంచుకు, ఎయిర్ బాక్స్ (యాంటెన్నా చుట్టూ మోడల్‌లో పెట్టే గాలి పెట్టె) కింది అంచుకు పెట్టాలి. పెట్టె గోడలు యాంటెన్నాకు కనీసం పావు తరంగదైర్ఘ్యం దూరంలో ఉండాలి; 3.1 గిగాహెర్ట్జ్‌కు అది 24 మి.మీ.

అపోహ: జీన్స్ గుడ్డ పర్మిటివిటీ 1.7, అంతే.

బోర్డు బదులు గుడ్డ మీద యాంటెన్నా చేసేవాళ్లూ ఉన్నారు. రాయదుర్గం మన జిల్లాలోనే ఉంది, జీన్స్ ముక్కలకు కరువు లేదు. అయితే నేతను బట్టి, మందాన్ని బట్టి, ముఖ్యంగా తడిని బట్టి ఆ అంకె కదులుతుంది. నీళ్ల పర్మిటివిటీ 80 దగ్గర ఉంటుంది మరి, కాస్త చెమట పట్టినా చాలు. 1.5 నుంచి 2 దాకా స్వీప్ చేసి, అన్నిట్లోనూ బ్యాండ్ నిలబడితేనే కుట్టించండి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో డేటాషీట్ లేకుండా కొనే ఎఫ్ఆర్4కూ ఇదే మాట: 4.2 నుంచి 4.6 దాకా చూడాలి.

ఇక కొలిచేటప్పుడు కేబుల్ పట్టుకోగానే గ్రాఫ్ కదిలితే బోర్డును తిట్టకండి. గ్రౌండ్ చిన్నదై కరెంటు కేబుల్ మీదికి పాకుతోంది. కేబుల్ బిగించే ఎస్ఎంఏ కనెక్టర్‌నూ కొంత కేబుల్‌నూ మోడల్‌లో కలిపి మళ్లీ రన్ చేయండి.